బీరు కాచకుండా హాప్స్ రుచి ఎలా తెలుసుకోవాలి?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా: "అన్నా, మాది కావలి. మా బావ అమెరికా నుంచి వస్తూ కాస్కేడ్, సిట్రా, సాజ్ అని మూడు రకాల హాప్స్ పెల్లెట్ల ప్యాకెట్లు తెచ్చాడు. బీరు కాచే సామాను లేదు, కాచే ఉద్దేశం కూడా లేదు. ఏ రకం ఏ రుచి ఇస్తుందో ఇంట్లోనే తేలిగ్గా తెలుసుకునే దారి ఉందా? నాలుగు పెల్లెట్లు నమిలి చూశా, చేదు తప్ప ఇంకేమీ తెలియలేదు. ఇంకోటి, ఈ మొక్క మన నెల్లూరు వైపు పెరుగుతుందా?"

తమ్ముడూ, ముందు ఆ నమలడం ఆపెయ్. హాప్స్ అంటే బీరుకు చేదు, వాసన ఇచ్చే ఒక తీగ పూగుత్తులు, వాటిని పొడి చేసి అచ్చుపోసిన గుళికలే నీ దగ్గరున్న పెల్లెట్లు. హాప్స్‌లో బీరుకు పనికొచ్చేవి రెండు: చేదునిచ్చే జిగురు, వాసననిచ్చే నూనె. సిట్రాలాంటి రకంలో బరువులో 11 నుంచి 14 శాతం దాకా చేదుకు మూలమైన ఆల్ఫా ఆమ్లాలే ఉంటాయి. నూనె 100 గ్రాములకు రెండు మూడు మిల్లీలీటర్లకు మించదు. నమిలితే జిగురు నాలుకంతా పట్టేసి కూర్చుంటుంది. ఆ తర్వాత అరగంట దాకా ఏం తాగినా నీకు ఒకటే రుచి. కాస్కేడ్‌కీ సిట్రాకీ తేడా ఉండేది చాలావరకు నూనెలో. కాబట్టి నూనెను విడిగా, చేదును విడిగా చూసే పద్ధతులు కావాలి. అవి ఉన్నాయి, పెద్ద ఖర్చు కూడా లేదు.

నేను బెంగళూరు మైక్రోబ్రూవరీల్లో (చిన్న మోతాదులో బీరు కాచి అమ్మే చోట్లు) బీరు కాచే పని చేసి ఇప్పుడు కోవూరు దగ్గర సొంతూళ్ళో ఉంటున్నాను. ఆ బ్రూవరీల్లో కూడా కొత్త రకం హాప్స్ వస్తే నేరుగా వెయ్యి లీటర్ల ట్యాంకులో పోసి అదృష్టం చూసుకునేవాళ్ళం కాదు. మామూలు లాగర్ (మన షాపుల్లో ఎక్కువగా దొరికే బీరు రకం) సీసాలో గ్రామో రెండు గ్రాములో వేసి, రెండు రోజులు ఆగి, వాసన చూసేవాళ్ళం. నీకు చెప్పబోయేది ముఖ్యంగా అదే. కాచిన బీరు బజార్లో దొరుకుతుంది, హాప్స్ నీ దగ్గరున్నాయి, ఆ రెంటినీ కలిపితే చాలు.

కాచే ఉద్దేశం లేదన్నావు, మంచిది. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. అమెరికాలో ఇంట్లో కాచుకుంటారు కదా అని ఇక్కడ ఎవరైనా సలహా ఇస్తే వినకు. నేను చెప్పే వాటిలో ఎక్కడా పులియబెట్టడం లేదు, ఈస్ట్ లేదు, చక్కెర లేదు. షాపులో కొన్న సీసాలో నీకోసం నువ్వు హాప్స్ వేసుకోవడమే. దాన్ని నలుగురికి అమ్మడం మొదలుపెడితే మాత్రం కథ వేరే అవుతుంది. 21 ఏళ్ళు నిండనివాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, చివర్లో సోడాతో చేసే పద్ధతి ఉంది, అది చూసుకోండి.

సీసా తెరవకముందు వంటింట్లోకి వెళ్ళు. హాప్స్ నూనెలో ఉండే వాసనల్లో కొన్ని మన పోపులపెట్టెలోనే ఉన్నాయి. ఈ మాట చెబితే బెంగళూరులో కొత్త కుర్రాళ్ళు నమ్మేవాళ్ళు కాదు. ధనియాలు నాలుగు చితక్కొట్టి వాసన చూడు. అందులో ప్రధానంగా ఉండేది లినలూల్, హాప్స్‌లో పూల వాసనకు అదొక ముఖ్య కారణం. మిరియాలు, లవంగాల్లో ఉండే కారియోఫిలీన్ హాప్స్‌లోనూ ఉంది. మిర్సీన్ అనేది అమెరికన్ హాప్స్ నూనెలో పెద్ద వాటా, సిట్రాలో అయితే సగానికి మించి ఉంటుంది. మామిడిలో, నిమ్మగడ్డిలో ఉండేది కూడా అదే. మామిడికాయ కోసేటప్పుడు తొడిమ దగ్గర సొన కారుతుంది చూడు, ఆ పచ్చి ఘాటు గుర్తుపెట్టుకో. సిట్రా ప్యాకెట్ తెరవగానే తగిలేది దానికి దగ్గరగా ఉంటుంది. జెరానియోల్ గులాబీల్లో ఉంటుంది, కాస్కేడ్‌లోనూ ఉంది.

విదేశీ పుస్తకాల్లో కాస్కేడ్ అనగానే గ్రేప్‌ఫ్రూట్ అని రాస్తారు. మనవాళ్ళలో చాలామంది ఆ పండు తినే ఉండరు, ద్రాక్ష అనుకుని ద్రాక్ష వాసన వెతుకుతూ కూర్చుంటారు. దానికి దగ్గరి చుట్టం పంపరపనస. దాని తొక్కను గోటితో గిల్లి వాసన చూస్తే కాస్కేడ్ సగం అర్థమైనట్టే. పంపరపనస దొరక్కపోతే బత్తాయి తొక్క, నిమ్మ తొక్క రెండూ పక్కపక్కన పెట్టుకో. పొదలకూరు నిమ్మకాయల మార్కెట్ ఉన్న జిల్లాలో నిమ్మకాయకు కరువు లేదు. ఒక సంగతి గమనించు: రసం కాదు, తొక్క. హాప్స్‌లో పులుపు ఉండదు, పండు తొక్కలోని నూనె వాసన మాత్రమే ఉంటుంది. సిట్రా బీరు "పుల్లగా ఉంది" అనేవాళ్ళు నిజానికి వాసన చూసి పులుపును ఊహించుకుంటున్నారు.

సాజ్ దారి వేరు. అది చెక్ దేశంలో జాటెట్స్ ప్రాంతపు పాత రకం. ఆల్ఫా ఆమ్లాలు మూడు, నాలుగు శాతమే. పండ్ల వాసన వెతికితే నిరాశే. ఎండుగడ్డి, మిరియాలు, కాస్త పచ్చి ఆకు, మట్టి వాసన. మొదటిసారి చూసినవాళ్ళు "ఇందులో ఏముంది" అంటారు. నాకు మాత్రం వయసు పెరిగేకొద్దీ సాజ్ మీద గౌరవం పెరిగింది, సిట్రా మీద మోజు తగ్గింది. అది నా రుచి, నువ్వు పాటించనక్కర్లేదు. మీ బావ తెలిసి తెచ్చాడో తెలియక తెచ్చాడో కానీ ఈ మూడూ ఒకదానికొకటి దూరంగా ఉండే రకాలు. నేర్చుకునేవాళ్ళకు ఇంతకన్నా మంచి కలయిక ఉండదు. సిట్రా, మొజాయిక్, గెలాక్సీ తెచ్చి ఉంటే మూడూ పండ్ల వాసనలే, తేడా పట్టుకోలేక విసుగొచ్చేది.

ఇప్పుడు పెల్లెట్లను పొడిగా చూడు. రెండు మూడు పెల్లెట్లు రోట్లో మెత్తగా నలిపి, ఆ పొడిని అరచేతుల మధ్య వేడి పుట్టేదాకా రుద్ది, దోసిలి ముక్కుకు ఆనించి చిన్నచిన్న పీల్పులు పీల్చు. అనిపించింది కాగితం మీద రాసుకో. ఇంకో రకం చూసేముందు చేతులు వాసన లేని సబ్బుతో కడుక్కోవాలి, ఆ జిగురు నీళ్ళకు వదలదు. ప్యాకెట్ పాతదైతే ఇక్కడే తెలిసిపోతుంది. కుళ్ళిన వెన్న, విప్పిన మేజోళ్ళ వాసన వస్తే జిగురు గాలికి ఆక్సీకరణం చెంది ఐసోవలెరిక్ ఆమ్లం తయారైందని అర్థం. దాన్ని సీసాలో వేసి బీరు పాడుచేసుకోవద్దు, పారెయ్.

అసలు పనికి వద్దాం. ముందు బీరు ఎంపిక. నీకు కావలసింది తనకంటూ పెద్దగా గొంతు లేని బీరు. మైల్డ్ లాగర్, 5 శాతం లోపు ఆల్కహాల్ ఉన్నది తీసుకో. మన వైపు షాపుల్లో ఎక్కువ అమ్ముడయ్యేది స్ట్రాంగ్, దాంట్లో ఆల్కహాల్ ఘాటు, తీపి హాప్స్ వాసనను తొక్కేస్తాయి. గోధుమ బీరు వద్దు, దానికి అరటిపండు, లవంగం వాసన ముందే ఉంటుంది. అన్నీ ఒకే బ్రాండు, లేబుల్ మీద ఒకే తయారీ తేదీ, వీలైనంత కొత్తవి తీసుకో. ఎండాకాలంలో లారీల్లో, గోడౌన్లలో ఉడికిన బీరుకు తడిసిన అట్టముక్క వాసన వస్తుంది, అలాంటి దాంట్లో ఏ హాప్స్ వేసినా వృథా. గోధుమరంగు సీసా అయితే మేలు. ఎందుకో తర్వాత చెబుతా.

బ్రూవరీలో అయితే సీసా మూత తీసి, పెల్లెట్లు వేసి, కొత్త మూత కొట్టేస్తాం. నీ దగ్గర మూత కొట్టే మిషను ఉండదు, ఓపెనర్‌తో వంచిన మూత మళ్ళీ గట్టిగా పట్టదు. దానికి మరచుట్టు మూత ఉన్న 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ బాటిళ్ళు నాలుగు చాలు. మంచినీళ్ళ బాటిల్ వద్దు, అది పల్చన, గ్యాసు ఒత్తిడికి తయారు చేసింది కాదు. సాదా సోడా బాటిల్ అయితే ఇంకా మంచిది. నారింజ, మామిడి డ్రింకులు పోసిన బాటిళ్ళు ఎంత కడిగినా వాసన పోదు, మూతలోపలి పొరకు పట్టి ఉంటుంది. వేడినీళ్ళు పోస్తే ప్లాస్టిక్ ముడుచుకుపోతుంది, కాబట్టి చల్లనీళ్ళతోనే బాగా కడిగి పూర్తిగా ఆరబెట్టు.

650 మిల్లీలీటర్ల సీసాలు రెండు ఫ్రిజ్‌లో అడుగున, లోపలి గోడకు ఆనించి ఒక రాత్రంతా పెట్టు. ఫ్రీజర్‌లో వద్దు, గడ్డకడితే గాజు పగులుతుంది. బీరు ఎంత చల్లగా ఉంటే అంత గ్యాసు లోపలే ఉంటుంది. ఎందుకంటే హాప్స్ పెల్లెట్ గరుకు పదార్థం, గ్యాసున్న బీరులో పడగానే దాని చుట్టూ బుడగలు పుట్టి పాలు పొంగినట్టు పొంగుతుంది. గోరువెచ్చని బీరులో పెల్లెట్లు వేస్తే సగం బీరు గచ్చు మీద ఉంటుంది. ఈ పని సింకు దగ్గర పెట్టుకో.

తూకం. లీటరుకు 4 గ్రాముల లెక్కన 250 మిల్లీలీటర్లకు 1 గ్రాము. మామూలు ఎండు హాపింగులో (హాప్స్ మరిగించకుండా కాచిన బీరులోనే నానబెట్టడం) వాడే మోతాదే ఇది, తేడా తెలుస్తుంది, మింగుడుపడనంత ఉండదు. చిటికెలతో, చెంచాలతో కొలవొద్దు. ఒకదాంట్లో గ్రాము, ఇంకోదాంట్లో గ్రామున్నర పడితే నువ్వు చూసేది రకాల తేడా కాదు, మోతాదు తేడా. గ్రాములో పదోవంతు చూపించే చిన్న కాటా ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతుంది, బంగారం పని చేసేవాళ్ళ దగ్గరా ఉంటుంది.

మూడు బాటిళ్ళలో మూడు రకాలు, గ్రాము చొప్పున వెయ్యి. నాలుగోదాంట్లో ఏమీ వేయకు. ఈ నాలుగోది చాలామంది ఎగ్గొడతారు, దాంతో ప్రయోగమంతా నీళ్ళపాలవుతుంది. ఒక బాటిల్ నుంచి ఇంకో బాటిల్‌కు వంపడం వల్ల, కాస్త గాలి తగలడం వల్ల, రెండు రోజులు ప్లాస్టిక్‌లో ఉండటం వల్ల కూడా బీరు మారుతుంది. ఆ మార్పు ఎంతో తెలియకపోతే హాప్స్ తెచ్చిన మార్పు ఎంతో నీకెలా తెలుస్తుంది? కొత్తగా తెరిచిన సీసాతో పోల్చడం సరిపోదు. ఈ ఉత్త బాటిలే నీ కొలబద్ద.

బాటిల్‌ను వాల్చి పట్టుకుని గోడ వెంట నెమ్మదిగా బీరు వంపు. పొంగితే ఆగు, తగ్గాక మళ్ళీ వంపు. మెడ దాకా వచ్చాక బాటిల్‌ను చేత్తో నొక్కి, నురగ మూతి దాకా వచ్చినప్పుడు నొక్కు వదలకుండా మూత బిగించు. లోపలున్న గాలి అంతా బయటికి పోతుంది. ఆక్సిజన్ మిగిలితే రెండు రోజుల్లోనే పండు వాసన చచ్చి అట్టముక్క మొదలవుతుంది. కాసేపటికి గ్యాసు వదిలి నొక్కిన బాటిల్ మళ్ళీ గట్టిపడుతుంది. గట్టిపడలేదంటే మూత లీకు. మూతల మీద మార్కర్‌తో అంకెలు వేసి, ఏ అంకె ఏ రకమో విడిగా రాసి దాచు. కాగితం చుట్టి ఫ్రిజ్‌లో నిలబెట్టు.

ఎన్నాళ్ళు? రెండు రోజులు, మహా అయితే మూడు. ఎక్కువ ఉంచితే ఎక్కువ రుచి వస్తుందనుకుంటారు, అది తప్పు. నూనెలో రావలసింది మొదటి ఒకటి రెండు రోజుల్లోనే వచ్చేస్తుంది. తర్వాత వచ్చేది ఆకు పసరు, వగరు. పెల్లెట్లు మొదట తేలి, విచ్చుకుని, అడుగుకు దిగుతాయి. రోజుకోసారి మెల్లగా తలకిందులు చేసి మళ్ళీ నిలబెడితే చాలు, ఊపొద్దు.

ఇక్కడ ఒక జాగ్రత్త. షాపుల్లో అమ్మే సీసా బీరు సాధారణంగా పాశ్చరైజ్ చేసినది, అంటే వేడి చేసి క్రిములను చంపినది, అందులో బతికున్న ఈస్ట్ ఉండదు. బెంగళూరో హైదరాబాదో వెళ్ళినప్పుడు మైక్రోబ్రూవరీ నుంచి తెచ్చిన తాజా బీరుతో మాత్రం ఇలా చేయకు. హాప్స్‌లో ఉండే ఎంజైములు బీరులో మిగిలిన పెద్ద చక్కెరలను ముక్కలు చేస్తాయి, ఈస్ట్ వాటిని తిని మళ్ళీ గ్యాసు పుట్టిస్తుంది. మూత బిగించిన బాటిల్‌లో ఆ ఒత్తిడి పెరిగితే పేలొచ్చు. గాజుసీసా అయితే మరీ ప్రమాదం.

రుచి చూసే రోజు నెల్లూరు వాడికి అసలు కష్టం మొదలవుతుంది. మధ్యాహ్నం చేపల పులుసు తిని సాయంత్రం హాప్స్ వాసన చూస్తానంటే కుదరదు. కారానికి మండిన నోటికి సాజ్ ఎక్కడ తెలుస్తుంది? కనీసం రెండు గంటలు ముందు నుంచి కారం, కాఫీ, కిళ్ళీ, సిగరెట్ ఏమీ వద్దు. ఇంట్లో అగరొత్తులు, దోమల చుట్ట వెలిగించి ఉంటే ముందు రోజే ఆపించు. మల్లెపూలు పెట్టుకున్నవాళ్ళు పక్కన కూర్చున్నా కాస్కేడ్‌లో పూల వాసన భలే ఉందని రాసుకుంటావు. మధ్యలో నోరు తుడుచుకోవడానికి ఉప్పు, కారం లేని బొరుగులు, మామూలు నీళ్ళు చాలు. మిక్చర్ పొట్లం దగ్గరికి రానివ్వకు.

మైపాడు బీచికి తీసుకెళ్ళి చూద్దామని స్నేహితులు అంటారు, వెళ్ళొద్దు. బహిరంగంగా తాగితే పోలీసు కేసు సంగతి అలా ఉంచు, సముద్రపు గాలికి గ్లాసులో వాసన నిలవదు. ఇంట్లో ఫ్యాను ఆపి కూర్చోవాలి. నెల్లూరులో ఫ్యాను ఆపడమే పెద్ద త్యాగం, తెలుసు. పొద్దున్నే పెట్టుకో. ఖాళీ కడుపుతో వద్దు, రెండు ఇడ్లీలు చట్నీ లేకుండా తిని కూర్చో. తర్వాత బండి తీసే పని ఉన్న రోజు అసలే పెట్టుకోకు.

మనకు బీరంటే ఐసులా ఉండాలి. హాప్స్ వాసనకు అదే శత్రువు. ఫ్రిజ్ నుంచి తీశాక పది నిమిషాలు ఆగు, 8 నుంచి 12 డిగ్రీల మధ్య ఉంటే వాసనలు పైకి లేస్తాయి. మన ఎండలకు అంతకన్నా ఎక్కువ ఆగక్కర్లేదు, దానంతటదే వేడెక్కుతుంది. అడుగు మడ్డి కదలకుండా పైతేట మాత్రం వంపుకో. మడ్డి నోట్లో పడితే గొంతులో కారం తగిలినట్టు మంట పుడుతుంది, దాన్ని బీరు రుచి అనుకునే ప్రమాదం ఉంది. పల్చని బట్టతో వడకట్టొచ్చు. కాఫీ ఫిల్టర్ జోలికి మాత్రం పోవద్దు, ఎంత తోమినా డికాషన్ వాసన వదలదు.

హాప్స్ వేసిన బీరు మసకగా ఉంటుంది, ఉత్త బీరు తేటగా ఉంటుంది. గాజు గ్లాసులో పోస్తే కన్ను ముందే తీర్పు చెప్పేస్తుంది. అందుకని స్టీలు గ్లాసులు వాడు. విదేశాల్లో దీనికోసం నల్ల గ్లాసులు కొంటారు, మనకు ప్రతి ఇంట్లో ఉన్నవే. ఒకే సైజువి, బోర్లా పెట్టి ఆరబెట్టినవి తీసుకో. వంచి చూడకు మరి.

స్నేహితుణ్ణి పక్క గదిలో మూడు గ్లాసులు నింపమను. రెండింటిలో ఒకటే బీరు, మూడోదాంట్లో వేరేది. వేరేది ఏదో నువ్వు పట్టుకోవాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి ఒక్కసారి సరిగ్గా చెప్పి చంకలు గుద్దుకోకు. ఐదుసార్లలో నాలుగు సరిగ్గా చెబితే, అది గుడ్డిగా తగిలే అవకాశం 20లో ఒకటి కన్నా తక్కువ. అప్పుడు నీ ముక్కును నమ్మొచ్చు. ముందు ఉత్త బీరుకూ సిట్రాకూ తేడా పట్టుకో, అది సులువు. తర్వాత ఉత్త బీరుకూ సాజ్‌కూ. చివర సిట్రాకూ కాస్కేడ్‌కూ. ఒక్కోసారి 20, 30 మిల్లీలీటర్లు చాలు. ఎక్కువ తాగితే తేడాలు మాయమవుతాయి, తప్పు ముక్కుది కాదు, ఆల్కహాల్‌ది.

ఆ ఆట అయ్యాక పేర్లు బయటపెట్టి తీరిగ్గా రాసుకో. "బాగుంది" అని రాయకు. ముందు వంటింట్లో చూసిన వాటి పేర్లు రాయి: పంపరపనస తొక్క, ధనియాలు, మామిడి సొన, ఎండుగడ్డి. మిగిలిన కాస్తలో సిట్రాను, సాజ్‌ను సగం సగం కలిపి చూడు. బ్రూవరీలో రెండు రకాలు కలిపితే ఎలా ఉంటుందో మేము మొదట గ్లాసులోనే చూసేవాళ్ళం.

చేదు సంగతి వేరే పూట చూడు, అదే రోజు వద్దు. పైన చెప్పిన పద్ధతిలో హాప్స్ వేడి తగలలేదు కాబట్టి చేదు పెద్దగా దిగదు. ఆల్ఫా ఆమ్లాలు మరిగితేనే ఐసో ఆల్ఫా ఆమ్లాలుగా మారి బీరులో కరుగుతాయి, మనం బీరులో చేదనేది వాటినే. దీనికి బీరు కూడా అక్కర్లేదు. అరలీటరు నీళ్ళలో గ్రాము సిట్రా వేసి గంటసేపు సన్నని సెగ మీద మరిగించు, ఇగిరిపోయిన నీళ్ళు మళ్ళీ పోసి అరలీటరు చెయ్యి. ఇంకో గిన్నెలో అరలీటరు నీళ్ళు 70 డిగ్రీలకు కాచి, దింపి, గ్రాము సిట్రా వేసి పది నిమిషాలు మూతపెట్టి వడకట్టు. రెండూ చల్లారాక పక్కపక్కన పెట్టుకుని చూడు. మరిగిన దాంట్లో పండు వాసన ఆవిరైపోయి చేదు మిగులుతుంది. నానిన దాంట్లో వాసన ఉంటుంది, చేదు తక్కువ. బీరు కాచేటప్పుడు ఒకే హాప్స్‌ను మొదట్లో కొంత, చివర్లో కొంత ఎందుకు వేస్తారో పుస్తకం చదివిన దానికన్నా ఈ రెండు గిన్నెలు బాగా చెబుతాయి. కిటికీలు తెరిచి చెయ్యి, ఇల్లంతా ఆ వాసన రెండు రోజులుంటుంది, అమ్మ చేత తిట్లు తప్పవు.

లెక్క కావాలంటే: 12 శాతం ఆల్ఫా ఉన్న సిట్రా గ్రాములో 120 మిల్లీగ్రాముల ఆమ్లం. గంట మరిగితే అందులో పావు వంతు మారిందనుకో, 30 మిల్లీగ్రాములు. అరలీటరులో అంటే లీటరుకు 60. బీరు చేదును కొలిచే ఐబీయూ అనేది ఇంచుమించు ఇదే, లీటరుకు ఒక మిల్లీగ్రాము ఐసో ఆల్ఫా ఆమ్లం. ఆ కషాయం 50 మిల్లీలీటర్లు 200 మిల్లీలీటర్ల లాగర్‌లో కలిపితే 12 దాకా చేదు అదనంగా చేరుతుంది. పోల్చుకోవడానికి, పిల్స్‌నర్ ఉర్కెల్ అనే చెక్ లాగర్ 40 దగ్గర ఉంటుంది. కాస్కేడ్‌లో ఆల్ఫా 5, 6 శాతమే కాబట్టి అదే చేదు రావాలంటే రెట్టింపు వెయ్యాలి.

ఇంక ఎండ ప్రయోగం. దీనికి హాప్స్ కూడా అక్కర్లేదు, మన ఊరి ఎండ చాలు. మామూలు లాగర్ రెండు గాజు గ్లాసుల్లో పోసి ఒకటి అలమరలో, ఒకటి డాబా మీద ఎండలో పది నిమిషాలు ఉంచి వాసన చూడు. ఎండలో ఉన్నదానికి కాలిన రబ్బరు, మురిగిన వెల్లుల్లి మధ్య రకం కంపు వస్తుంది. ఐసో ఆల్ఫా ఆమ్లం వెలుతురుకు విరిగి గంధకం ఉన్న ఒక పదార్థంగా మారుతుంది, అది లీటరులో నానోగ్రాముల్లో ఉన్నా ముక్కుకు తెలుస్తుంది. గోధుమరంగు గాజు ఆ వెలుతురును చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చది సరిగా ఆపలేదు. అందుకే గోధుమరంగు సీసా కొనమన్నాను. ఆకుపచ్చ సీసా బీరులో ఈ కంపునే "ఫారిన్ టేస్ట్" అని మెచ్చుకునేవాళ్ళను చూశాను.

వోడ్కాలో హాప్స్ నానబెట్టి చుక్కలు చుక్కలుగా బీరులో వేసుకోమని కొందరు చెబుతారు. నేను సిఫారసు చేయను. ఆల్కహాల్ జిగురునంతా లాగేస్తుంది, వచ్చేది మందు వాసనతో కలిసిన మొరటు చేదు. ఫ్రెంచ్ ప్రెస్‌లో (కాఫీ పొడిని జల్లెడతో కిందికి నొక్కే కూజా) బీరు, పెల్లెట్లు వేసి పావుగంటలో తీయడం ఫర్వాలేదు, ఓపిక లేనప్పుడు అది చెయ్యి. గ్యాసంతా పోతుంది, వాసన మాత్రం పైపైన తెలుస్తుంది.

మద్యం వద్దనుకునేవాళ్ళకు సాదా సోడా మంచి దారి. సోడాలో అర చెంచా నిమ్మరసం పిండి, లీటరుకు 2 గ్రాముల లెక్కన పెల్లెట్లు వేసి పైన చెప్పినట్టే మూతపెట్టి ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి వడకట్టండి. నిమ్మరసం ఎందుకంటే పులుపు లేని నీళ్ళలో హాప్స్ వగరు మరీ మోటుగా దిగుతుంది. నిమ్మ వాసన సిట్రాతో కలిసిపోతుంది కాబట్టి ఒక ఉత్త సోడా బాటిల్‌లోనూ అంతే నిమ్మరసం పోసి పోల్చుకోవాలి. ఆల్కహాల్ లేని బీరుతోనూ చేయొచ్చు, కానీ వాటికి క్రిముల నుంచి ఆల్కహాల్ కాపలా ఉండదు. ఒకసారి మూత తీశాక ఫ్రిజ్ దాటి బయట పెట్టొద్దు, రెండు రోజుల్లో తాగేయండి, మిగిలితే పారబోయండి.

ఈ పద్ధతులకు ఒక హద్దు ఉంది. ఈస్ట్ పనిచేస్తున్నప్పుడు హాప్స్ వేస్తే అది కొన్ని వాసనలను మార్చేస్తుంది, ఉదాహరణకు గులాబీ వాసన జెరానియోల్‌ను నిమ్మ వాసన వైపు తిప్పుతుంది. ఈ మధ్య దొరికే మసక ఐపీఏల్లో (హాప్స్ ఎక్కువగా వేసే బీరు రకం) రసం కారే పండు రుచికి అదీ ఒక కారణం. సీసాలో వేసిన సిట్రాకు ఆ రుచి రాలేదని హాప్స్‌ను తప్పుపట్టకు.

మిగిలిన పెల్లెట్లు గాలి నొక్కేసి, ప్యాకెట్ మూతి మడిచి టేపు వేసి, ఇంకో జిప్ కవర్‌లో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచు. చేపల కవర్ల పక్కన కాకుండా. వాడేసిన మడ్డి పెరట్లో పడేయొద్దు, ఇది సరదాకి చెప్పడం లేదు: హాప్స్ కుక్కలకు విషం. తింటే ఒంటి వేడి విపరీతంగా పెరిగి చచ్చిపోవచ్చు. కవర్‌లో కట్టి చెత్తబండిలో వెయ్యి.

మొక్క సంగతి. పెల్లెట్లు పొడి చేసి అచ్చుపోసిన పూగుత్తులు, వాటి నుంచి ఏదీ మొలవదు. తీగ దుంపలు తెప్పించినా లాభం లేదు. హాప్స్ బాగా పండేది 35 నుంచి 55 డిగ్రీల అక్షాంశాల మధ్య, వేసవిలో పగలు పదిహేను గంటల దాకా ఉండే చోట, చలికాలంలో తీగ నిద్రపోయేంత చలి ఉన్నచోట. జర్మనీలో హాలెర్‌టౌ, అమెరికాలో యాకిమా లోయ అలాంటివి. మన నెల్లూరు 14 డిగ్రీల మీద ఉంది, ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద పగలు కూడా పదమూడు గంటలు దాటదు. తీగ మూరెడు ఎదగకముందే పూతకొచ్చి ఆగిపోతుంది. మన దేశంలో పండిస్తే హిమాచల్‌లో లాహౌల్ లోయలాంటి చోట్లే. కావలిలో ఆ స్థలంలో నిమ్మచెట్టు పెట్టుకో.